అంకె వేసిన రాళ్ళు

కిందటి వారం మెహర్‌ను మిట్టమధ్యాహ్నం జామాయిల్ తోట నడుమ, ఒక తెల్లరాయి ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడే చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ములకలపల్లి అవతల అడవంచున ఊటగుంపు అనే కోయగూడెం ఉంది. వాళ్ళ పాత పోడు భూమి ఉన్న వాలు మీద ‘హరితధార’ అనే సంస్థ అయిదేళ్ళ కిందట జామాయిల్ నాటించింది. తెల్లరాళ్ళను హద్దుగా చూపించి, గూడెం వాళ్ళను లోపల అడుగు పెట్టనివ్వడం మానేసింది. ఇప్పుడు అటవీ హక్కుల చట్టం వచ్చింది గనక ఆ వాలు ఎవరిదో తేల్చడానికి సర్వే బృందం బయలుదేరింది. అందులో జీపీఎస్ పట్టుకుని నడిచే ఉద్యోగం మెహర్‌ది. ఆమె తండ్రి జానీ మియా పాల్వంచలో షాపుల బోర్డులు రాసేవాడు. అయిదేళ్ళ కిందట అడవిలో రంగు పని ఉందని వెళ్ళినవాడు ఇంటికి తిరిగి రాలేదు. ఆ జానీ మియా చేతిరాత ఈ రాయి మీద కనిపించింది. తాకితే రంగు తడిగా వేలికంటుకుంది.

వేలి కొసన నల్లటి మరకను చూస్తూ ఎంతసేపు నిలబడిందో మెహర్‌కే తెలియదు. రాయి మీద ఉన్నది ఏడు అంకె. నడుము దగ్గర చిన్న అడ్డగీత, కింద కాలు ఎడమకు తిరిగి ఒక చుక్కతో ఆగడం. అలా ఏడు రాసే మనిషి ఖమ్మం జిల్లా మొత్తంలో ఒక్కడే. పాల్వంచ బస్టాండు ముందు సైకిల్ షాపు బోర్డు మీద ఇప్పటికీ అదే ఏడు ఉంది. చిన్నప్పుడు మెహర్ ఆ బోర్డు చూసి అంకెలు దిద్దుకుని, పలక మీద చుక్కలెందుకే అని టీచరు చేత చీవాట్లు కూడా తిన్నది.

అయిదు వానాకాలాలు తడిసిన రంగు వెలిసిపోవాలి, పెచ్చులూడిపోవాలి. ఇది పొద్దున పెట్టిన రంగు. అంటే పొద్దున ఎవరో ఇక్కడ కూర్చుని, తీరుబడిగా, ఆ చుక్క కూడా మర్చిపోకుండా ఏడు రాసి వెళ్ళారు.

“అబ్బాజాన్,” అంది మెహర్ మెల్లగా. అన్నాక తన గొంతుకే తను ఉలిక్కిపడింది.

జామాయిల్ తోటలో మాట్లాడితే మాట ఎక్కడా తగలదు. అడవిలోనైతే పిట్టో కోతో ఉడతో ఏదో ఒకటి వింటున్నట్టు ఉంటుంది. ఇక్కడ పిట్ట వాలదు, గడ్డి మొలవదు. ఆకులు అంచు తిప్పుకుని వేలాడతాయి కాబట్టి నీడ కూడా ఉండీ లేనట్టే ఉంటుంది. వరసలుగా నాటిన చెట్లు కావడంతో ఎటు చూసినా ఒక బాట తెరుచుకున్నట్టు కనిపిస్తుంది, రెండడుగులు వేయగానే మూసుకుపోతుంది. ఊడిన బెరడు పేలికలు చెట్టుకు రాసుకుంటూ చేసే చప్పుడు తప్ప మరేమీ లేదు. పట్టపగలు, నడినెత్తిన సూర్యుడు ఉండగా, మెహర్‌కు ఒళ్ళు జలదరించింది.

“గుర్తుపట్టావన్నమాట,” అన్నారెవరో వెనక నుంచి.

హరితధార ఫీల్డ్ మేనేజర్ వెంకటరామారావు. సత్తుపల్లి వైపు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని చొక్కా. తొలకరికి తడిసిన ఆకుల మీద ఎప్పుడు నడిచి వచ్చాడో చప్పుడే కాలేదు.

“మీ నాన్న రాతే కదా?”

“అవ్ సార్. గానీ ఇది తడిగున్నది.”

అతను తడి మాట విననట్టే ఊరుకున్నాడు. “సర్వేలో ఇంతమంది ఉండగా ఈ గుంపుకి నువ్వే ఎందుకు వచ్చావనుకుంటున్నావ్? నిన్ను పంపమని అడిగింది నేనే అమ్మాయ్.”

మెహర్ నల్లటి వేలిని గుప్పిట్లో దాచుకుంది.

“కాసేపట్లో రెవెన్యూ నుంచి రాందాస్ గారు వస్తారు. ఈ రాళ్ళు మా సంస్థవి, మా పెయింటరే నంబర్లు వేశాడని నేను చెబితే గూడెం వాళ్ళు గొడవ పెట్టుకుంటారు. వాళ్ళ తాతలు పాతారంటారు. అదే ఆ పెయింటర్ కూతురే చెప్పిందనుకో, ఇంక మాటుండదు. నేనేం అబద్ధమాడమనట్లేదు. మీ నాన్న రాత అవునా కాదా? అవును. ఆ ఒక్క ముక్క చెప్పు, చాలు.”

అతని గొంతులో బెదిరింపు లేదు, అందుకే మెహర్‌కు ఇంకా భయం వేసింది. పైగా అతను చెడ్డపని చేస్తున్నానని అనుకోవడమే లేదు. పై దేశాల్లో ఫ్యాక్టరీలు పొగ వదులుతాయని, ఆ పొగకు బదులు ఈ వాలు మీద ముప్పై ఏళ్ళు చెట్లు నిలబెట్టి ఉంచుతామని తమ సంస్థ మాట ఇచ్చిందని, ఇది పోడు భూమి అని తేలితే ఆ మాట నీళ్ళపాలవుతుందని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. “భూమి వేడెక్కుతోందని పేపర్లో చదవట్లేదా? ఎవరో ఒకరు చెట్లు పెంచాలా వద్దా?” అన్నాడు.

పెంచాలి. కాదనేవాళ్ళెవరు? అడవిని నమ్ముకున్నవాళ్ళకు హక్కు ఇవ్వాలన్న చట్టమూ మంచిదే. ఎక్కడో ఏసీ గదుల్లో వేర్వేరు బల్లల మీద పుట్టిన రెండు మంచి ఉద్దేశాలు, ఒకదాని మొహం ఒకటి చూడకుండా బయలుదేరి, సరిగ్గా ఊటగుంపు వాలు మీదకు వచ్చి గుద్దుకున్నాయి. దెబ్బలు మాత్రం గూడేనికి తగిలాయి.

“మా నాయన ఏడికి పోయిండు సార్?” అడిగింది మెహర్.

“మీ అమ్మకి అప్పుడే చెప్పాను కదా. పనయిపోయింది, కూలి తీసుకున్నాడు, ములకలపల్లిలో బస్సెక్కాడు. విజయవాడ పోతానన్నాడు. మగాడు, ఏ మూల ఏం మోజుపడ్డాడో.” కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. “విజయవాడలో నాకు మనుషులున్నారు. ఇవాళ రాందాస్ గారి ముందు మంచిగా మాట్లాడు. నేను వెతికిస్తాను.”

ఆ మాటతో మెహర్ మనసు ఊగింది. ఊగదా మరి? ఇంట్లో తల్లి హాజిరా అయిదేళ్ళుగా మొగుడున్న ఆడదో లేని ఆడదో తెలియని బతుకు బతుకుతోంది. గేటు చప్పుడైతే చేతిలో పని వదిలేసి గుమ్మం దాకా వస్తుంది. చనిపోయాడంటే ఏడ్చి ఊరుకునేది. బతికి ఉన్నాడంటే తిట్టి ఊరుకునేది. రెండూ లేవు. ఒక్క ముక్క చెబితే తండ్రి దొరుకుతాడు, అదీ నిజమైన ముక్కే.

రాందాస్‌కు దారి చూపాలని వెంకటరామారావు జీపు దారి వైపు వెళ్ళాడు. మెహర్ ఆ రాయి దగ్గరే చతికిలబడింది. జీపీఎస్ ఒళ్ళో పెట్టుకుని, ఇందాకటి నుంచీ మనసులో ముల్లులా ఉన్నదేమిటో అప్పుడు ఆలోచించింది. హద్దురాళ్ళంటే ఒక వరసలో ఉంటాయి, మూలలు చూసుకుని పాతుతారు. ఇక్కడ రెండు పెద్దరాళ్ళు పక్కపక్కన ఆనుకుని, వాటి ముందు మోకాలెత్తు కూడా లేని చిన్నరాయి ఒకటి. తల్లీ తండ్రీ ముందు పిల్ల కూర్చున్నట్టు. ఆ చిన్నదాని మీద కూడా చుక్కతో ఆగే అంకె ఉంది.

అప్పుడు చెట్ల వరసల మధ్య తెల్లటివేవో కదిలాయి.

చేతులు. మోచేతుల దాకా తెల్లటి రెండు చేతులు ఒక మాను వెనక కనిపించి, మాయమై, మరో మాను పక్కన మళ్ళీ కనిపించాయి. చేతుల వెనక మనిషి కూడా ఉందని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. ముసలామె. చేతినిండా సుద్ద. చంకలో కుండ. ఆమె మెహర్‌ను చూసింది, చూసి కూడా పట్టించుకోకుండా చిన్నరాయి ముందు గొంతుక్కూర్చుని, నీళ్ళు చల్లి తుడిచి, అంకె చుట్టూ సుద్ద పూసింది. తర్వాత ఒక పుల్లను దొన్నెలోని నల్లటి ముద్దలో ముంచి అంకె దిద్దడం మొదలుపెట్టింది. చుక్క ముందు పెట్టింది. అక్కడి నుంచి కాలు పైకి గీసింది. చివర తల కట్టింది. రాయడం వచ్చినవాళ్ళెవరూ అంకెను అలా కింద నుంచి పైకి రాయరు.

“అవ్వా,” అంది మెహర్. “ఏం రాస్తున్నవ్?”

“రాత నాకెట్ల వస్తది బిడ్డా. ఉన్నదాని మీదనే దిద్దుతున్న.”

ఆమె పేరు ముత్తక్క. కాస్త ఎడంగా నిలబడి అటూ ఇటూ చూస్తున్న ముసలాయన ఆమె అన్న పగిడయ్య, గూడెం పెద్ద. తోట వాచర్లు చూస్తే కేసు పెడతారని కాపలా కాస్తున్నాడు. “సర్కారు పిల్లతోని ముచ్చట్లేంది, జల్దీ కానియ్,” అన్నాడు.

“గిది ఎవరు రాసిండ్రవ్వా, ముందుగాల?”

“రంగులాయన. సర్కారు పంపిన మంచి మనిషి.” ముత్తక్క మొహం విప్పారింది. “గీ రాళ్ళన్నీ మావోళ్ళవి బిడ్డా. మనిషి పోతే రాయి నిలబెడతం, ఆవు తోక కడతం. విత్తనాల పండుగ అయినంక కడిగి, ఇప్పసారా పోసి, మీరు తాగినంకనే మేం విత్తుతం అని చెప్తం. మా తాతల కాలం నుంచి సర్కారోళ్ళు మమ్మల్ని ఎల్లగొట్టుడే తప్ప మా రాయి దిక్కు చూసినోడు లేడు. గసొంటిది ఒకాయన వచ్చి, ఒక్కొక్క రాయి తుడిచి, సున్నమేసి, బొట్టు పెట్టినట్టు నల్లగ రాసిండు. మాకు ఏడుపొచ్చింది. మావోళ్ళ పేర్లే రాస్తున్నడనుకున్నం.”

“మీరు అడ్డం చెప్పలేదా?”

“ఎందుకు చెప్తం? చచ్చినోళ్ళను కడిగినోడు మాకు చుట్టం. పిలిచి బువ్వ పెట్టినం. గా లోయల పాతరాళ్ళున్నయి, ఆయనకు తెల్వదు, మేమే చూపించినం. అన్న ముందట నడిచిండు.”

పగిడయ్య తలూపాడు. “అలిసిపోయిండు పాపం, ఇగ చాలన్నడు. నేనే ఇడ్వలే. ఒక్క రాయి కూడ మర్వద్దన్న. చీకటి పడేదాక అన్ని చూపిచ్చిన.”

మెహర్ కళ్ళు మూసుకుంది. హరితధార మ్యాపులో హద్దు ఎందుకు వంకరటింకరగా లోయలోకి దిగి, గూడెం పాత ఇళ్ళ జాగాను కూడా చుట్టేసి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. అంకె ఉన్న రాయల్లా హద్దే అన్నారు. అంకె ఎక్కడెక్కడ వేయాలో ఊటగుంపే చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. వానకు కొట్టుకుపోవాల్సిన అంకెల్ని ఏటేటా సుద్ద పూసి, బొగ్గును ఇప్పనూనెలో నూరి, చుక్క తప్పకుండా దిద్ది కాపాడింది కూడా ఊటగుంపే. తమ భూమి పోవడానికి సాక్ష్యాన్ని తామే పూజ చేసినట్టు నిలబెట్టారు. ఇంతకన్నా ఘోరం మెహర్ ఎక్కడా వినలేదు.

చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆమె చెప్పేసింది. అవి పేర్లు కావని, నంబర్లని, ఆ నంబరున్న రాయి లోపలి భూమి అంతా సంస్థదని రాసుకున్నారని, రంగులాయన తన తండ్రేనని.

పగిడయ్య ఇక అటూ ఇటూ చూడటం మానేశాడు. తర్వాత చిన్నరాయి దగ్గరికొచ్చి, ఆరని అంకెను బొటనవేలితో తుడవబోయి ఆగిపోయాడు. ముత్తక్క అతని చేయి పట్టుకుంది.

“నా బిడ్డదే అది,” అంది మెహర్‌తో. “పేరు పెట్టకముందే పోయింది. గిది దాని పేరనుకుని ఇన్నేండ్లు దిద్దిన.”

మెహర్‌కు ఏడుపు ఆగలేదు. ఏడ్చింది. ముత్తక్క సుద్ద చేత్తోనే ఆమె తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

కాసేపటికి జీపు ఆగిన చప్పుడు వినిపించి, రాందాస్, వెంకటరామారావు చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చారు. రాందాస్ పొద్దున్నుంచీ గూడేలు తిరిగి అలిసిపోయిన మనిషి. రాళ్ళ వైపు ఒకసారి, పగిడయ్య వైపు ఒకసారి చూసి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“పాత సమాధులుంటే చట్టంల సాక్ష్యం కిందికే వస్తయి. గానీ వాళ్ళు సమాధి అంటున్నరు, మీరు హద్దురాయంటున్నరు. నేనేమని రాయాలె?”

“ఈ అమ్మాయి చెబుతుంది సార్,” అన్నాడు వెంకటరామారావు. “ఆ నంబర్లు ఎవరు వేశారో చెప్పమ్మా.”

అందరూ మెహర్ వైపు తిరిగారు. బెరడు పేలికలు కూడా అప్పుడే రాసుకోవడం మానేశాయి. విజయవాడలో ఏదో వీధిలో తండ్రి నిచ్చెనెక్కి బోర్డు రాస్తున్నట్టు ఒక్క క్షణం కళ్ళకు కట్టింది. దాన్ని చెరుపుకోవడానికి ఆమెకు చాలా కష్టమైంది.

“అంకెలు మా నాయన వేసినయే సార్. చూడంగనే గుర్తుపట్టిన,” అంది. వెంకటరామారావు మొహంలో తేలిక కనిపించింది. “అంకెలే మా నాయనవి. రాళ్ళు వీళ్ళవి. నేను సర్వే చదువుకున్న. హద్దురాళ్ళు ఎవరైనా గిట్ల గుమిగూడి పాతుతరా? ఇంత చిన్నరాయి ఏ హద్దుకు పెడతరు? ఇవి వీళ్ళ పెద్దల రాళ్ళు. మా నాయనకు ఏం తెల్వక రంగేసిండు.”

“నీకేం తెలుసని మాట్లాడుతున్నావ్?” వెంకటరామారావు గొంతు మారింది. “సార్, పాతింది మేము. ఈ ముసలమ్మ పొద్దున సుద్ద పూసి నాటకమాడుతోంది. వీళ్ళు రాళ్ళు నిలబెడతారనేదానికే రుజువు లేదు.”

ముత్తక్క లేచి నిలబడింది. “రంగు లేని రాయి ఒకటున్నది. గీ సారుకు తెల్వదు. తోట పెట్టినంక నిలబెట్టినం, నంబరు లేదు. హద్దురాయే అయితే మాకేం పని? రాండ్రి, చూపిస్త.”

రాందాస్ కదిలాడు. అతను కదిలాక మిగిలినవాళ్ళకు తప్పలేదు. ముత్తక్క ముందు, వెనక అందరూ, లోయ వైపు దిగారు. దిగినకొద్దీ జామాయిల్ పలచబడి, పాత అడవి మొదలయ్యే చోట గాలి చల్లగా తగిలింది. అయినా అక్కడ కూడా పిట్టలు లేవు. మెహర్ పక్కకు చేరి, “ఎవరిదవ్వా ఆ రాయి?” అని అడిగింది. ముత్తక్క అడుగుల జోరు పెంచింది. వెనక్కి తిరిగి చూస్తే వెంకటరామారావు అందరికన్నా వెనకబడ్డాడు.

ఒక నల్లమద్ది కింద ముత్తక్క ఆగింది. రాయి నిలబడి లేదు. పక్కకు ఒరిగి కూడా లేదు. తీసి పడుకోబెట్టినట్టు వెల్లకిలా నేల మీద ఉంది. తల దగ్గర ఎండిపోయిన ఆవు తోక కట్టి ఉంది. రాయి ఉండాల్సిన గుంట శుభ్రంగా, ఒక్క ఆకు కూడా రాలకుండా, నోరు తెరుచుకుని ఉంది.

“మళ్ళ పడ్డది,” అంది ముత్తక్క, ఎవరితోనో కాదు, రాయితోనే. “పండుగనాడే నిలబెట్టినం గదా.”

“గాలికి పడ్డదేమో,” అన్నాడు రాందాస్.

“మిగిల్నయి ఏ గాలికి పడ్డయి సార్?” అన్నాడు పగిడయ్య. “ఇది ఏటేటా పడుతది. లోతు తవ్వినం, గులకరాళ్ళు కొట్టినం. నిలవది.”

మెహర్ ఆ గుంట వైపు చూసింది. అడగక్కర్లేదు, కానీ అడిగింది. “ఎవరిది?”

“మీ నాయనది బిడ్డా.” ముత్తక్క కళ్ళలోకి చూసి చెప్పింది. “ఆఖరి రాయి దగ్గర గీ రాళ్ళేందని అడిగిండు. మావోళ్ళని చెప్పినం. కుంచె కింద పడేసిండు. మొహం తెల్లబోయింది. సారుతోని మాట్లాడొస్త, మళ్ళొచ్చి వీటిని సరిచేస్త అని జీపెక్కిండు. మళ్ళ రాలే. పోయిండని కబురొచ్చింది. శవం మేం చూడలే. చచ్చినోళ్ళను కడిగినోడు మాకు చుట్టం గదా, ఆయన మతమేందో మాకు తెల్వదు, మా పద్ధతిల రాయి నిలబెట్టినం. ఆయన సరిచేస్తనన్న రాళ్ళను మేం సరిచేస్తున్నం.”

సరిచేస్తానంటే చెరిపేస్తానని. వాళ్ళు దిద్దడమనుకున్నారు. తండ్రి తెలిసి ఎవరికీ ద్రోహం చేయలేదన్న మాట మెహర్ గుండెలో పడి, అక్కడే ఆగిపోయింది. దాని వెనకే రెండో మాట వచ్చింది. పోయాడు. అయిదేళ్ళుగా గుమ్మంలో నిలబడిన తల్లికి ఏమని చెప్పాలి?

మెహర్ మోకాళ్ళ మీద కూలబడి రాయి మీద చేయి వేసింది. ఆకుల సందున ఎండ పడుతున్నా రాయి మంచులా చల్లగా ఉంది.

“ఏడవకు,” అంది ముత్తక్క. ఆమె గొంతులో ఓదార్పు కాదు, భయం వినిపించింది. “నేను ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే, మా అన్నకు కూడ. పోయినోళ్ళ రాయి ఒక్కసారి నిలబెడితే మళ్ళ కదలది. మా తాతలది చూసినవ్ గదా. బతికున్నోళ్ళకు పెడితేనే నేల పట్టది.”

మెహర్ తలెత్తింది. కన్నీళ్ళు అలాగే ఉన్నాయి గానీ ఏడుపు ఆగిపోయింది.

“ఆయన పోయిండని మీకెవరు చెప్పిండ్రు?”

ముత్తక్క సుద్ద ఆరి పగిలిన చేయెత్తి మెహర్ భుజం మీదుగా చూపించింది. రాందాస్ కూడా అటు తిరిగాడు.

హాజిరాకు బస్సెక్కి వెళ్ళిపోయాడని చెప్పిన మనిషి, ఊటగుంపుకు చచ్చిపోయాడని చెప్పిన మనిషి, అప్పటికే జీపు వైపు సగం దూరం నడిచాడు. మెహర్ పరిగెత్తింది. చెట్ల వరసల మధ్య తెల్లచొక్కా ఒక బాటలో కనిపించి, ఆ బాట మూసుకుపోయి, మరో బాటలో ఇంకా దూరంగా కనిపించింది.

“సార్,” అని అరిచింది. “మా నాయనను ఏడ పెట్టినవ్?”

అతను ఆగాడు. వెనక్కి తిరగకుండానే, ప్రాధేయపడుతున్నట్టు అన్నాడు.

“ఆ రాయిని మాత్రం మళ్ళీ నిలబెట్టనివ్వకమ్మా. వాళ్ళు నిలబెట్టిన ప్రతిసారీ, నేను దాచిన చోట మీ నాన్న అన్నం మానేస్తున్నాడు.”